గోల్‌కీపర్‌ని వదులుకున్న బుధవారం

బుధవారం పొద్దున కాలేజీకి వెళ్లేలోపు వీర్రాజు పేరును ఇంజ్యూర్డ్ లిస్టులో చేర్చాలని కిరీటి అనుకున్నాడు. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఒకే బేస్‌మెంట్‌లో ఆరుగురు విద్యార్థులు ఉంటున్న ఏడాది అది. వాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు కిరీటి కెప్టెన్, వీర్రాజు గోల్‌కీపర్. సోమవారం వేర్‌హౌస్‌లో నిచ్చెన దిగుతూ వీర్రాజు చీలమండ బెణికించుకున్నాడు. ఆదివారం సెమీఫైనల్, ఆపై నాలుగు వారాలకు ఫైనల్.

లీగ్ నియమం ప్రకారం జట్టుకు పద్నాలుగు మందే. ఇంజ్యూర్డ్ లిస్టులో పెడితే మనిషి మూడు వారాలు ఆడకూడదు కానీ మన జట్టువాడే. అతని చోట ఇంకొకరిని తీసుకోవచ్చు. వేవర్‌లో పెడితే వదులుకున్నట్టే. రెండు రోజుల్లో ఏ జట్టయినా తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే మళ్లీ చేర్చుకోవచ్చు.

"ఇంజ్యూర్డ్ అని పెట్టకన్నా," అన్నాడు వీర్రాజు. "మా అక్క రోజూ లీగ్ వెబ్ పేజీ చూస్తది. మొన్న జ్వరానికే కార్ వేసుకొచ్చి మార్కమ్‌లో తనింటికి తీసుకుపోయింది. పదిహేను రోజులు పథ్యం. కాలంటే ఫైనల్ అయ్యేదాకా వదలదు."

"అయితే వేవర్‌లో పెడతా. అదేంటో మీ అక్కకి తెలీదు. కుంటేవాణ్ని ఎవడు తీసుకుంటాడురా?"

అక్క హైమావతికి నిజంగానే తెలియలేదు. అందుకే ఆఫీసులో పక్క సీటు వంశీధర్‌ని అడిగింది. వంశీధర్ మార్కమ్ జట్టు మేనేజర్. అతని గోల్‌కీపర్ ఉద్యోగం వచ్చి రెజైనా వెళ్లిపోయి వారమైంది. అతను నియమమంతా ఓపికగా వివరించి, తమ్ముడు పెనాల్టీలు ఆపుతాడా అని మాత్రం అడిగాడు. కిందటేడు అయిదు ఆపాడని ఆమె గర్వంగా చెప్పింది. పది నిమిషాల్లో వీర్రాజు మార్కమ్ ఆటగాడయ్యాడు.

కిరీటి లీగ్‌కు ఫోన్ చేసి వీర్రాజుకు దెబ్బ తగిలిందని, వెనక్కి ఇప్పించమని అడిగాడు. మరి ఇంజ్యూర్డ్ లిస్టులో ఎందుకు పెట్టలేదని వాళ్లు అడిగారు. వాళ్లక్క చూస్తుందని చెప్పలేక కిరీటి ఫోన్ పెట్టేశాడు. అప్పటి నుంచి వీర్రాజు హాల్లో కూర్చుంటే జట్టు వ్యూహాలన్నీ బాత్‌రూమ్‌లో తయారయ్యేవి.

కొత్త గోల్‌కీపర్ అచ్యుత్‌తో సెమీఫైనల్ గట్టెక్కింది. ఫైనల్ మార్కమ్‌తోనే పడింది. ఒక గోల్ వెనకబడి ఉండగా చివరి నిమిషంలో కిరీటికి పెనాల్టీ దొరికింది. ఎదురుగా వీర్రాజు. నాలుగు నెలలు ప్రతి సాయంత్రం కిరీటి పెనాల్టీలు సాధన చేసింది అతని మీదే. కిరీటి అడుగు వేయకముందే వీర్రాజు ఎడమకు జరిగి నిలబడ్డాడు. బంతి నేరుగా అతని చేతుల్లోకి వెళ్లింది.

ఆట అయ్యాక కిరీటి హైమావతి దగ్గరకు వెళ్లి ఉన్నదంతా ఒప్పుకున్నాడు. "మీరు చూస్తే వచ్చి తీసుకుపోతారని భయపడ్డామక్కా."

"నేనా? ఆ వారం నాకు లీవే లేదు కిరీటీ," అందామె. "ఐస్ పెట్టుకోమని మెసేజ్ పెట్టేదాన్ని."

కప్పు మార్కమ్‌కు వెళ్లింది. సీజన్ మొత్తంలో ఒక్క గాయమూ నమోదు కాని జట్టుగా కేంబ్రిడ్జ్‌కు లీగ్ ప్రశంసాపత్రం ఇచ్చింది.