సార్జెంటు వెనుక నలభై మంది

లోకంలో శాంతిని నెలకొల్పడం కష్టం కాదు. అందుకోసం ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనుక నిలవాలి అన్నది తేల్చడమే కష్టం. ద్వీపదేశాల ఉమ్మడి శాంతిదళం ఆ కష్టాన్ని ఏడవ నిబంధనతో శాశ్వతంగా తీర్చివేసింది: పోలీసు నడిపించవలెను, సైన్యము తోడ్పడవలెను, తోడ్పడువాడు నడిపించువానిని అడుగైనను దాటరాదు.

సోలమన్ దీవులలోని నావోలా తీరానికి దక్కిన పోలీసు ఒక్కడే, సార్జెంటు ఎలియాకిమ్ తఫోవా. అతనికి తోడ్పడడానికి నలభై మంది సైనికులు. (ఈ నిష్పత్తికి కారణం వెదకడానికి నియమించిన ఉపసంఘం ఇంకా సమావేశంలోనే ఉంది.) తోట సరిహద్దు తగవులో అవతలి వంశపు కుర్రవాళ్లు తన అత్తగారి ఆకుల ఇంటికి నిప్పు పెట్టడానికి బయలుదేరారన్న కబురు వినగానే, సార్జెంటు ఉదయప్రార్థనను సగంలో వదిలి పరుగెత్తాడు. సైన్యం అతని వెనుక, విధించిన మూడడుగుల దూరాన్ని పాటిస్తూ పరుగెత్తింది.

ఊరికి కూతవేటు దూరంలో దారి ఇరుకు. ఒక పక్క నిట్టనిలువు కొండ, మరొక పక్క మడ అడవి బురద. సాయానికి ఎదురువస్తూ కాలు మడతపడి, అత్తగారు ఆ దారి మధ్యనే కూలబడి ఉంది. అల్లుణ్ణి చూడగానే మర్యాద తప్పకుండా ముఖం తిప్పుకుని చాప కప్పుకుంది. ఆ దీవుల ఆచారం ప్రకారం అల్లుడు అత్తగారి పక్కనుంచి దాటిపోరాదు, ఆమెతో మాట్లాడరాదు, ఆమె పేరు పలకరాదు, రాయరాదు. (ఇక్కడా ఆ పేరు ఇవ్వడం లేదు, సార్జెంటు చదివే ప్రమాదం ఉంది.)

సార్జెంటు ఆగాడు. కనుక నలభై మందీ ఆగారు.

టోంగా నుంచి వచ్చిన కార్పొరల్ సెమిసి ఆమెను ఎత్తి వెనక్కు చేరుస్తానన్నాడు. అయితే పౌరులను కదిలించడం పోలీసు పని. సైన్యం ముట్టుకోవాలంటే పోలీసు స్వదస్తూరితో తోడ్పాటు పత్రం నింపాలి. సార్జెంటు తేదీ రాశాడు, స్థలం రాశాడు. నాలుగవ గడిలో 'కదిలింపబడు వ్యక్తి పేరు' అని ఉంది. కలం ఆగిపోయింది. 'నా భార్య తల్లి' అని రాసి రేడియోలో చదివి వినిపించగా, అది పేరు కాదనీ బంధుత్వమనీ, బంధుత్వానికి వేరే అనుబంధ పత్రం ఉన్నదనీ కేంద్ర సమన్వయాధికారి సవినయంగా తెలియజేశాడు.

చాప కిందినుంచి అత్తగారు కార్పొరల్‌ను పిలిచింది. "బాబూ, అక్కడ నిలబడ్డ ఆ మనిషితో చెప్పు. పడవ నడిపేవాణ్ణి చేసుకోమని నా కూతురికి ఆనాడే చెప్పాను. వాడైతే ఈపాటికి బురదలోంచైనా వెళ్ళేవాడు."

"బురదలో మొసలి ఉందని ఆవిడతో చెప్పండి," అన్నాడు సార్జెంటు.

"మొసలికి పేరు రాయక్కర్లేదుగా, దాన్నైనా పక్కకి జరిపించమను."

అంతలో కొండ మలుపు వెనుక సన్నగా పొగ లేచింది. సార్జెంటు కళ్ళు మూసుకుని, నాలుగవ గడిలో ఆ పేరు రాసేశాడు. కాగితం మీద కలం గీరిన చప్పుడు విన్న అత్తగారు చాప తొలగించి, పెళ్లినాటి తర్వాత మొదటిసారి అల్లుడి ముఖం చూసింది.

కార్పొరల్ ఆమెను ఎత్తుకున్నాడు. సార్జెంటు ముందు, సైన్యం వెనుక, అందరూ ఊరు చేరేసరికి ఇంటి కప్పు కూలిపోయింది, కుర్రవాళ్లు వెళ్లిపోయారు.

సాయంత్రం దళాధిపతి స్వయంగా వచ్చి బూడిదను పరిశీలించాడు. ప్రమాదంలో ఉన్న ఇల్లు ఊళ్లో మరేదీ మిగలనందున, నావోలాలో శాంతి నెలకొన్నదని ప్రకటించాడు.