సముద్రం సిద్ధమే, మిగతాదే ఆలస్యం

ఫిబ్రవరి పదకొండో తారీకు, మంగళవారం. ఆ ఉదయం కొలతలాయన కాల్చిన రొట్టెముక్కలు రెండు, ఉడికించిన గుడ్డు ఒకటి తిన్నాడు. రెండో గుడ్డు మాత్రం తినలేదు. దాన్ని ఒలిచి, ఉప్పు అద్దుకుని, నోటి దాకా తెచ్చుకున్నాక భార్య ఆ మాట అంది. గుడ్డు అక్కడే ఆగిపోయింది. ఆ తారీకు ఆయనకు ఇప్పటికీ గుర్తుండటానికి కారణం అదే.

"ముప్ఫయ్యో పెళ్లిరోజుకి నాకు నగా వద్దు, బట్టా వద్దండీ. సముద్రం అడుగున ఏముందో ఒక్కసారి చూడాలని ఉంది. మీరు పక్కన ఉంటారుగా, నాకేం భయం?"

కొలతలాయన అన్నది వీధి పెట్టిన పేరు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కిలో రాయి ఐదు గ్రాములు తగ్గిందంటే కొట్టువాడి ముఖమైనా చూడకుండా కేసు రాసిపడేసే మనిషి. అంతటి మనిషి జీవితంలో ఒకే ఒక్క తప్పుడు కొలత ఇచ్చాడు. పెళ్లికి ముందు, అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉంటే ఏం మాట్లాడాలో తోచక, వరదలో ఉన్న నదిని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదానని చెప్పేశాడు. నిజానికి ఆయన ఆ నది దాటింది పడవలో. అదీ కళ్లు మూసుకుని.

అప్పటి నుంచి ఆ నది ఏటా పది గజాల చొప్పున వెడల్పవుతూ వచ్చింది. పిల్లలు పుట్టాక అందులో సుడిగుండం చేరింది. అల్లుడు వచ్చిన ఏడాది ఆ సుడిగుండంలోంచి ఒక గేదెను కూడా గట్టుకి లాగాడు. ఎవరైనా ఈతకొలనులో దిగమంటే, నదిని చూసినవాడికి ఈ తొట్టి ఏం ఆనుతుందని గట్టునే కూర్చునేవాడు. ఇంట్లో ఆయన మాట ఎవరూ చెవిన పెట్టరు. బయట కొట్లవాళ్లు చచ్చినట్టు వింటారు గానీ ఇష్టపడి వినరు. అందరూ నోరు తెరుచుకుని వినేది ఆ నది కథ ఒక్కటే. అదే ఆయన ఆస్తి, పరువు. సముద్రంలోకి దిగితే రెండూ ఒకేసారి మునుగుతాయి.

వద్దంటే ఎందుకని అడుగుతుంది. అందుకే ఆయన వద్దనలేదు. బుర్రకి పదును పెట్టాడు. వారం తిరక్కుండానే పేపర్లో ఒక డైవింగ్ రిసార్టు కనిపించింది. త్వరలో ప్రారంభమట. ఫోటోలో గోడలు సగం సగం ఉన్నాయి. అక్కడికి తీసుకెళితే మాట నిలబెట్టుకున్నట్టూ ఉంటుంది. తీరా వెళ్లాక, అయ్యో ఇంకా మొదలు కాలేదట అని ఒడ్డున కూర్చుని కాఫీ తాగి రావచ్చు. పామూ చస్తుంది, కర్రా విరగదు.

అయితే రిసార్టు నిజంగా పూర్తి కాలేదని రూఢి చేసుకోవాలి కదా. ఆఫీసు నుంచి ఫోను చేశాడు. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగం మనిషి గొంతులోకి ఎలా ఎక్కి కూర్చుంటుందో ఆ మనిషికి తెలియదు. గాలి సిలిండర్లు ఎన్ని, వచ్చాయా రాలేదా, వాటి మీద పరీక్ష తారీకు వేసి ఉందా, గాలి నింపే యంత్రం బిగించారా, పడవకి కాగితాలున్నాయా అని ఆరా తీసి, చివర్న "సరే, స్వయంగా వచ్చి చూస్తాను" అని పెట్టేశాడు. ఇలా రెండు రోజులకోసారి చొప్పున మూడు వారాలు చేశాడు. అవతల మేనేజరు ప్రతిసారీ సన్నని గొంతుతో "ఇంకా లేదండీ" అనేవాడు. ఆ మాట విన్న పూట ఈయనకి అన్నం బాగా సయించేది.

పెళ్లిరోజు నాటి ఉదయం ఇద్దరూ బస్సు దిగారు. రిసార్టుకి గేటు ఉంది, గోడ లేదు. అయినా మేనేజరు మర్యాదగా గేటు తీసే లోపలికి పిలిచాడు. కళ్లజోడు మీద సిమెంటు దుమ్ము, మెడలో టై. నాలుగు స్తంభాలు చూపించి భోజనాల హాలన్నాడు. ఇసుకకుప్ప చూపించి ఆటల గది అన్నాడు. మేడ మెట్లు సగం దాకా వెళ్లి, తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఆలోచించుకుంటున్నట్టు ఆగిపోయాయి.

"సముద్రం మాత్రం పూర్తయిపోయింది సార్. మిగతాదే కాస్త పనుంది" అన్నాడు.

గదిలో గోడకి ముందు రోజే రంగు వేశారు. కొలతలాయన హాయిగా చేరగిలబడి, లేచేసరికి చొక్కా వీపంతా ఆకుపచ్చ. దాన్ని కూడా ఆయన పట్టించుకోలేదు. మనసు తేలికగా ఉంది. ముఖాన దిగులు పులుముకుని, మేనేజరుతో ఆవిడ వినేలా అన్నాడు.

"అయితే డైవింగు లేదన్నమాట. పాపం, మా ఆవిడ ఎంత ఆశపడిందో."

మేనేజరు ముఖం పాలిపోయింది. గబగబా జేబులోంచి మడతల కాగితం తీశాడు. కొలతలాయన ఫోన్లో అడిగిన ప్రతి ప్రశ్నా అందులో తారీకుతో సహా ఉంది. ప్రతిదాని పక్కనా ఒక టిక్కు.

"లేకపోవడం ఏంటి సార్? తమరు అడిగినవన్నీ నిన్నటికల్లా తెప్పించేశాం. గోడలు ఆపి మరీ తెప్పించాం. డైవింగు నేర్పే టీచరమ్మ మూడు నెలల తర్వాత రావాల్సింది, బతిమాలి పిలిపించాం. తమరు ఏ శాఖో చెప్పలేదు గానీ, ఆ గొంతు వింటే తెలియదా సార్? తనిఖీకి వచ్చేది తమరేనని."

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది ఆయనకి. షెడ్డులో సిలిండర్లు బారులు తీరి, పరీక్ష తారీకులు బయటికి కనిపించేలా నిలబడి ఉన్నాయి. యంత్రం గుర్రుమంటోంది. పడవ కాగితాలు తడవకుండా కవర్లో పెట్టి ఉన్నాయి. తను నోరు మూసుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఏడాది దాకా కాని పని, తన ఫోన్ల పుణ్యమా అని మూడు వారాల్లో అయిపోయింది.

ఆవిడ భర్త వైపు చూసింది. కళ్లు చెమ్మగిల్లాయి. "నా కోసం ఇన్ని ఫోన్లు చేశారా?" అంది మెల్లగా.

ఆయనకి సముద్రం కంటే ఆ చూపే లోతుగా కనిపించింది.

ఇక మిగిలింది ఉద్యోగ ధర్మం. ఏదైనా లోపం దొరక్కపోతుందా అని సిలిండర్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కదాని మీటరు చూశాడు, ముద్రలు చూశాడు, అడుగున తుప్పు కోసం గోటితో గీకాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. కొలతలు సరిగ్గా ఉన్నందుకు ఆయన బాధపడటం జీవితంలో అదే మొదటిసారి. ఆఖరి ఆశగా, మరి ఈతకొలను లేదు కదా, మొదటి పాఠం ఎక్కడ చెబుతారని అడిగాడు.

దానికీ జవాబు సిద్ధంగా ఉంది. కట్టుబడికి నీళ్లు నిలవ చేసే తొట్టి ఒకటి వెనకవైపు ఉంది. ఎనిమిదడుగుల లోతు. పొద్దున్నే పైన తేలిన చెత్త తీసి, నిండా నీళ్లు పెట్టారు. వీళ్లు అక్కడికి వెళ్లేసరికి మేస్త్రీ, కూలీలు పనాపి తొట్టి గోడల మీద వరసగా కూర్చుని ఉన్నారు. రిసార్టుకి వచ్చిన మొదటి అతిథులు మునగడం చూడకుండా ఇటుకలు ఎవరు పేరుస్తారు?

టీచరమ్మకి పాతికేళ్లుంటాయి. ఎండకి ముక్కు తోలు లేచిపోయింది. చెరొక కాగితం ఇచ్చి నింపమంది. కొలతలాయన కళ్లజోడు గదిలో మర్చిపోయానన్నాడు. అది నిజానికి జేబులోనే ఉంది. చెవి పోటు ఉంటే దిగకూడదటగా అని కూడా గొణిగాడు. చెవి పోటు ఎప్పటి నుంచని భార్య అడిగింది. అడుగుతూనే ఆయన కాగితం కూడా తనే లాక్కుని, తొట్టి గట్టు మీద పెట్టి చకచకా నింపేసింది.

టీచరమ్మ పైకి చదివింది. "ఆంటీకి ఈత రాదు. అంకుల్‌కి..." ఒక్క క్షణం ఆగింది. "అంకుల్‌కి కూడా ఈత రాదు."

కొలతలాయన ముందు మేస్త్రీ వైపు, తర్వాత ఆకాశం వైపు, చివరికి గత్యంతరం లేక భార్య వైపు చూశాడు.

"అలా రాశావేంటోయ్? మరి నది సంగతి..."

"పడవవాడి పేరు కూడా చెప్పమంటారా?" అంది ఆవిడ.

పెళ్లయిన నాలుగో రోజునే ఆడపడుచు చెప్పేసిందట. పడవలో తమ్ముడు కళ్లు మూసుకుని తన జడ పట్టుకుని కూర్చున్నాడనీ, గట్టు చేరాక కూడా వదలకపోతే పడవవాడు వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాడనీ.

"ముప్ఫై ఏళ్లు తెలిసీ ఊరుకున్నావా?"

"మీరు చెబుతుంటే వినడానికి బాగుండేది. గేదె వచ్చాక ఇంకా బాగుంది. ఇవాళ మాత్రం పక్కన పెడదాం. నీళ్లల్లో అబద్ధం రాస్తే ప్రాణం మీదికొస్తుందండీ."

టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ అసలు సంగతి చెప్పింది. మొదటిసారి మునగడానికి ఈత రానక్కర్లేదట. తన చెయ్యి పట్టుకుని, సిలిండరు గాలి పీలుస్తూ, కంగారు పడకుండా ఉంటే చాలట. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఒక్క ఫోనుతో పోయేది. ఇన్‌స్పెక్టరు గారు అన్నీ అడిగారు గానీ అది అడగలేదు.

ఆవిడ ముందు దిగింది. రెండు నిమిషాల్లో పైకి వచ్చి, కింద భలే నిశ్శబ్దంగా ఉందండీ, మీ అక్కయ్య మాటలు కూడా వినిపించవు అంది. ఇక తప్పలేదు. మేస్త్రీ వెనక నుంచి ధైర్యం చెబుతుండగా ఆయన నిచ్చెన దిగాడు. నీళ్లు గడ్డం దాటాయి, ముఖానికి కట్టిన డైవింగు అద్దం దాటాయి. టీచరమ్మ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే మర్నాటికి ఆ అమ్మాయి చేతి మీద అయిదు వేళ్లూ లెక్కగా కనిపించాయి. తన ఊపిరి తనకే వినిపించింది. లోపలికి, బయటికి. ఇంతేనా అనిపించింది. కళ్లు తెరిచి ఉన్నాయని ఆయనకి అప్పుడు తెలిసింది.

అడుగున ఏదో మెరిసింది. వంగి తీశాడు. పైకి వచ్చి చూస్తే తాపీ. నెల రోజులుగా వెతుకుతున్నానంటూ మేస్త్రీ దాన్ని కళ్లకద్దుకున్నాడు. గోడల మీద వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఇంతవరకూ కొలతలాయన నీళ్లలోంచి నిజంగా తీసింది అదొక్కటే.

ఆ సాయంత్రం నాలుగు స్తంభాల మధ్య భోజనం చేస్తూ ఆవిడ తాపీ కథ మేనేజరుకి చెప్పింది. మధ్యలో తొట్టి లోతు పదిహేను అడుగులైంది. కొలతలాయన తల వంచుకునే, ఎనిమిదే అని సర్దాడు. ఆవిడ ఆయన పళ్లెంలో ఇంకో ముక్క వడ్డించింది.

భోజనాలయ్యాక ఆవిడ గదికి వెళ్లి తొందరగా పడుకుంది. ఆయన చొక్కా మీది ఆకుపచ్చ రంగు వదిలించుకుంటుంటే మేనేజరు గుమ్మంలోకి వచ్చాడు. ఈ తనిఖీ తృప్తిగా జరిగిందనే అనుకుంటున్నానని చేతులు నలుపుకున్నాడు. రేపు ఆరింటికి పడవ, మేడమ్ ఇద్దరి తరఫునా సంతకం పెట్టేశారు అన్నాడు.

"అలలు బాగా ఉంటాయేమో?" అన్నాడు కొలతలాయన ఆశగా.

"లేదు సార్. చాలా శాంతంగా ఉంటుందట."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ కుర్చీ మీద రేపటికి ఆయన బట్టలు మడత పెట్టి ఉంచి, అటు తిరిగి పడుకుంది. నిద్రలో ఉందో, వింటోందో తెలియలేదు. భుజాలు మాత్రం కాస్త కదులుతున్నాయి.

"మంచిది" అని, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.