గవ్వలు పడవలసిన విధానం

సైబరాబాదులో ఏదైనా అనుకోకుండా జరగాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇది 1998 నుంచి అమల్లో ఉన్న నియమం. అంతకుముందు అక్కడ రాళ్లే ఉండేవి కనుక అవసరం పడలేదు.

మాదాపూర్‌లో కొత్తగా కట్టిన ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు ముందు హాల్లో గోడకు బొమ్మ వేసే పని ఉమాశ్రీకి దక్కింది. ఆర్ట్ కాలేజీ నుంచి బయటికొచ్చాక ఆమెకిదే మొదటి గోడ. కింద ఇత్తడి పలక మీద పేరు చెక్కిస్తామన్నారు. ఆమెకు కావలసిందల్లా ఆ పేరే. ఆమె పద్ధతి వేరు. అష్టాచెమ్మాకు గీసినట్టు నేల మీద గళ్లు గీసి గవ్వలు వేస్తుంది. ఎన్ని వెల్లకిలా పడితే ఆ అంకెకు పెట్టుకున్న రంగు, ఏ గడిలో పడితే గోడ మీద ఆ చోటు. తానే ఊహించని బొమ్మ రావాలని ఆమె ఆశ.

దీన్ని క్రమబద్ధం చేయడానికి ‘ఆకస్మిక కళా పర్యవేక్షణ సంఘం’ ఏర్పడింది. అధ్యక్షులు విశ్వేశ్వరరావుగారు, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరైనవారు. (పత్రికల తరఫున నేనూ సభ్యుణ్ణే. ఉప్మా బాగుండేది.)

“గవ్వలు ఎలా పడతాయో వారం ముందే మూడు కాపీల్లో ఇవ్వాలమ్మా,” అన్నారాయన.

“ముందే ఎలా తెలుస్తుందండీ?” అంది ఉమాశ్రీ.

“తెలియకపోతే రంగులకు బడ్జెట్ ఎలా వేస్తాం?”

గత్యంతరం లేక ఆమె ఏదో రాసిచ్చింది. సంఘం పిలిపించిన వాస్తు సలహాదారు ఈశాన్యంలో ఎరుపు కొట్టేశాడు. గోడకు ఈశాన్యం ఎక్కడని అడిగితే, ఎరుపు ఉన్నచోటే అన్నాడు. అధ్యక్షులవారు మిగతా రంగులన్నిటినీ సోఫాలకు తగ్గట్టు బూడిదరంగుగా సవరించి సంతకం పెట్టారు.

గవ్వలు వేసే రోజు వచ్చింది. కళాకారిణికి పక్షపాతం ఉండవచ్చు కనుక ఆమె వాటిని ముట్టుకోరాదు. వాచ్‌మన్ ఎల్లేశం చేత వేయించారు. ఒక్కసారి కూడా ఆమోదం పొందిన నమూనా ప్రకారం పడలేదు.

“ఇగ ఎన్నిసార్లు ఎయ్యాలె సార్? పొద్దుగాల సంది ఏస్తనే ఉన్న,” అన్నాడు ఎల్లేశం.

“కాగితంలో ఉన్నట్టు పడేదాకా వేస్తూనే ఉండవయ్యా.”

“గట్లయితే జర జరుగుండ్రి సార్, నేనే పెడ్త.”

అతను గవ్వల్ని ఒక్కొక్కటే తీసి గళ్లలో పెట్టాడు. అవి యాదృచ్ఛికంగా పడినట్టు సంఘం ఏకగ్రీవంగా నమోదు చేసింది. ఉమాశ్రీ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. (అభ్యంతరాలు తెలిపే గడువు ముందురోజే ముగిసింది.)

ప్రారంభోత్సవం నాటికి గోడంతా బూడిదరంగు. వచ్చిన పెద్దలు ఆ బొమ్మలోని స్వేచ్ఛను తెగ మెచ్చుకున్నారు. కింద పలక మీద సంఘ సభ్యుల పేర్లు వరుసగా మెరుస్తున్నాయి. ఉమాశ్రీ ఆ పలకను పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది.

“నా పేరేదండీ?”

“చివర్లో ఒక్క పేరుకే చోటు మిగిలిందమ్మా,” అన్నారు విశ్వేశ్వరరావుగారు ఎంతో ఆప్యాయంగా. “మీ పేరా, వాస్తు ఆయన పేరా అని ఎంతకీ తేల్లేదు. చీటీలు వేశాం, ఆయనదొచ్చింది. మీరు నమ్మిన పద్ధతే కదా.”