ఇకమీదట జరిగే దత్తతలకు మాత్రమే

తెనాలి కేంద్రంగా పనిచేస్తున్న దత్తత సంస్కరణ సమితి తన వార్షిక సభను బాపట్లలో జరుపుకుని, దేశంలోని దత్తత వ్యవస్థను ఏకగ్రీవంగా సంస్కరించింది. ఈ సంగతి వ్యవస్థకు ఇంకా తెలియదు. త్వరలోనే తెలుస్తుందని వ్యవస్థాపక అధ్యక్షులు, విశ్రాంత జువాలజీ లెక్చరర్ పూర్ణచంద్రరావుగారి ఆశాభావం.

"దాపరికమే దత్తతకు పట్టిన చీడ!" అని ఆయన ఆ సభలో గర్జించారు. "కన్నతల్లి ఎవరో పిల్లకు చెప్పనివాడు తండ్రి కాడు, కాపలాదారు! తలుపులు తెరవండి! కన్నవాళ్ళూ పెంచినవాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసే రోజు రావాలి!"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న ఆయన కూతురు దీప్తి అందరికంటే గట్టిగా కొట్టింది. దీప్తి పెంపుడు కూతురు. ఆ సంగతి దీప్తికి తెలియదని పూర్ణచంద్రరావుగారి ప్రగాఢ విశ్వాసం.

తీర్మానం చివర, "ఇది ఇకమీదట జరిగే దత్తతలకు మాత్రమే వర్తించును" అన్న వాక్యాన్ని ఆయన స్వహస్తాలతో చేర్చారు. ఎందుకని సభ్యులెవరూ అడగలేదు. తెనాలి వాళ్ళకు మర్యాద తెలుసు.

దీప్తిని కన్న ప్రమీలది రేపల్లె పక్కన పెనుమూడి. భర్త పోయేనాటికి ఆమెకు చంకలో ఇద్దరు పిల్లలు, కడుపులో మూడో బిడ్డ, చేతిలో ఏటిగట్టు కింద కాస్త కౌలు పొలం. బిడ్డ పుట్టాక రేపల్లెలో దత్తపత్రం రిజిస్టరు చేయించారు. అంతా చట్టప్రకారమే జరిగింది. పత్రంలో రాయని షరతు మాత్రం ఒకటుంది: ప్రమీల తెనాలి రాకూడదు, వీళ్ళు పెనుమూడి వెళ్ళకూడదు. పూర్ణచంద్రరావుగారు దీన్ని ఎంత నిష్ఠగా పాటించారంటే, అవనిగడ్డలో పెళ్ళికి కూడా పెనుమూడి వంతెన ఎక్కకుండా విజయవాడ చుట్టూ తిరిగి వెళ్ళేవారు. ఆ రేపల్లె దారిలో గాలి మంచిది కాదని పిల్లకు చెప్పేవారు. పిల్ల తల ఊపేది.

వీధి సహకారాన్ని కూడా ఇక్కడ కృతజ్ఞతతో చెప్పుకోవాలి. ఆయన భార్య సుబ్బరత్నమ్మ బందరులో అక్కగారింటికని వెళ్ళి కొన్ని నెలల తర్వాత బిడ్డతో తిరిగొచ్చింది. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. అసలు విషయం తెలియనివాళ్ళు ఆ గుంపులో ఒక్కరూ లేరు. అందరూ ఉయ్యాల్లోకి వంగి చూసి, "అచ్చం నాన్న ముక్కే!" అన్నారు.

పూర్ణచంద్రరావుగారి ముక్కు సామాన్యమైంది కాదు. మధ్యలో లేచి, కొసన వంగి, కళ్ళజోడును జన్మలో జారనివ్వని ముక్కు. ఆ మాట విని ఆయన మొదట సిగ్గుపడ్డారు. తర్వాత ఊరుకున్నారు. కొన్నాళ్ళకు నమ్మారు. కాలేజీలో వంశపారంపర్యం మీద ఆయన పాఠం చెబితే వెనక బెంచీవాళ్ళకు కూడా అర్థమయ్యేది. ఆ పాఠం చెప్పి ఇంటికొచ్చి, కూతురి ముక్కు చూసుకుని మురిసిపోయేవారు.

ముక్కుతో ఆగినా బాగుండేది. పూర్ణచంద్రరావుగారి తండ్రికి షుగరు, తాతకు షుగరు. కాబట్టి దీప్తికి మైసూరుపాకు ముక్క పెడితే సగం విరిచి వెనక్కి తీసుకునేవారు. "మన వంశంలో ఉందమ్మా, జాగ్రత్తగా ఉండాలి" అని ఆ సగం తన నోట్లో వేసుకునేవారు.

సుబ్బరత్నమ్మ కూడా తక్కువ తినలేదు. వీధిలో కొత్త కోడళ్ళకు తన కాన్పు కథ చెప్పేది. మొదట్లో అది ఒక పూట నొప్పుల కథ. ఏటేటా పెరిగి, దీప్తి పెళ్ళినాటికి మూడు రోజుల నొప్పులయింది. ఏ భాగం ఎక్కడ పెరిగిందో వినేవాళ్ళందరికీ తెలుసు. అయినా "అయ్యో పిన్నిగారూ!" అని సమయానికి బుగ్గలు నొక్కుకునేవారు.

దీప్తికి చెప్పే విషయం భార్యాభర్తలు మరిచిపోలేదు. సరైన వయసు వచ్చాక చెబుదామనుకున్నారు. టెన్తు పరీక్షలప్పుడు చెబితే మార్కులు తగ్గుతాయి. ఇంటర్‌లో చెబితే ర్యాంకు పోతుంది. పెళ్ళికి ముందు చెబితే సంబంధం పోతుంది, పెళ్ళయ్యాక చెబితే అల్లుడు కిరీటి ఏమనుకుంటాడో. ఇలా సరైన వయసు కోసం చూస్తుండగానే దీప్తి బాపట్లలో కాపురం పెట్టింది, కడుపుతో ఉంది.

సభ జరిగిన మర్నాడు అమ్మానాన్నలు ఆమెను డాక్టర్ జెన్నిఫర్ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు చూసి, మళ్ళీ ఒకసారి చూసి, సుబ్బరత్నమ్మ వైపు తిరిగింది.

"అమ్మాయికి బీపీ ఎక్కువుందండి. మీ కాన్పులో మీకేమైనా ఇబ్బంది వచ్చిందా అమ్మా? బీపీ గానీ, ఫిట్స్ గానీ? తల్లికి వస్తే కూతురికీ వచ్చే అవకాశం ఉంటుంది. సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పండి, ప్రాణం మీదికొచ్చే సంగతి."

సుబ్బరత్నమ్మ అలవాటు కొద్దీ మొదలుపెట్టింది. "మూడు రోజులు నొప్పులు పడ్డానండి. బీపీ గీపీ ఏమీ లేవండి. కాన్పయ్యాక మజ్జిగ తాగి లేచి కూర్చున్నా."

"మంచిది" అని డాక్టరు రాసుకోబోయింది.

పూర్ణచంద్రరావుగారి కళ్ళ ముందు రేపల్లె నర్సింగ్‌హోమ్ మెదిలింది. మంచం మీద ప్రమీల కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ, నర్సుల కేకలు. ఆ రోజు తలుపు దగ్గర నిలబడి చూసింది ఆయనే. ఆయనకు భయం వేసింది. కూతురు దక్కదేమోనన్న భయం. చెబితే ఒకలా దక్కదు, చెప్పకపోతే ఇంకోలా దక్కదు.

"డాక్టరుగారూ, ఒక ఉదాహరణ తీసుకుందాం" అన్నారు గొంతు సవరించుకుని. "దత్తత వ్యవస్థలో ఉన్న లోపాల దృష్ట్యా, కొన్ని కుటుంబాల్లో..."

"ఏ కుటుంబం గురించి సార్?"

ఆయన కూతురి వైపు చూశారు. ప్రసంగం అక్కడితో ఆగిపోయింది.

"రాసుకోకండి" అన్నారు. "ఫిట్స్ వచ్చాయి. నేను చూశాను. ఈవిడకి కాదు. దీప్తిని కన్నది ఈవిడ కాదు."

సుబ్బరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదట మాట్లాడింది దీప్తి.

"ఫిట్స్ వచ్చాయా? నేను అడిగితే ప్రమీలమ్మ ఏమీ కాలేదనే చెప్పిందే! నన్ను భయపెట్టడం ఎందుకనుకుంది కాబోలు."

"నీకు... నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్పలేదో అడుగు నాన్నా, తొందరగా తేలిపోతుంది. ఇంటర్ నుంచీ రేపల్లె రైలెక్కి వెళ్ళొస్తూనే ఉన్నా. అక్కడ గాలి బాగానే ఉంటుంది."

"మరి మాకు చెప్పలేదేం?"

"సరైన వయసు వచ్చాక చెబుదామనుకున్నాం, నేనూ కిరీటీ."

నవ్వుతూనే అంది గానీ దీప్తి కళ్ళు నిండాయి. ఒక చేత్తో తల్లి చెయ్యి పట్టుకుంది, రెండో చేత్తో తండ్రిది. "ఇవాళ చెప్పావు చూడు నాన్నా, అది చాలు" అంది. ఆ వెంటనే, "అవునూ, మన వంశంలో షుగరు నాకు రాదుగా. నువ్వు తిన్న సగం మైసూరుపాకుల సంగతేంటి?" అంది.

డాక్టరు ఆ అమ్మాయిని వారం వారం రమ్మంది. కాన్పు గుంటూరులో అన్ని వసతులూ ఉన్న చోటే జరగాలంది. అనుకున్నట్టే నెలలు నిండేసరికి బీపీ ఎగబాకింది. అంతా సిద్ధంగా ఉండబట్టి తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. పూర్ణచంద్రరావుగారి జీవితంలో నిజంగా పనికొచ్చిన ప్రసంగం అదొక్కటే. దానికి చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు.

బారసాల తెనాలిలో చేశారు. పెనుమూడి నుంచి ప్రమీల అరటిపళ్ళ గెల పట్టుకుని, పిలుపు మీద, మొట్టమొదటిసారి ఆ ఇంటి గడప దాటింది. పూర్ణచంద్రరావుగారు మైకు తెప్పించారు. బంతిలో అందరూ కూర్చున్నాక లేచి, "ఈవిడ దీప్తిని కన్నతల్లి!" అని ప్రకటించి, సంచలనం కోసం ఆగారు.

"ఇటు పులిహోర రాలేదండీ" అన్నారు ఎవరో.

తర్వాత అందరూ చేతులు కడుక్కుని ఉయ్యాల చుట్టూ మూగారు. వంగి చూసి, "అచ్చం తాతయ్య ముక్కే!" అన్నారు. పూర్ణచంద్రరావుగారికి కోపం వచ్చింది. ఇప్పుడే కదా మైకులో చెప్పింది! వంశపారంపర్యం పాఠం మళ్ళీ మొదటినుంచి చెబుదామని నోరు తెరిచారు. అంతలో ప్రమీల కూడా వంగి చూసి, "నిజవేనండి, అన్నయ్యగారి ముక్కే" అంది. ఆయన తెరిచిన నోరు మూసుకున్నారు. ఒకసారి ముక్కు తడుముకున్నారు. పక్కనే నిలబడ్డ కిరీటికి కూడా ఒక ముక్కుందని, లెక్కప్రకారం పాపకు అది రావాలని, ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

సమితి వచ్చే సభలో ఈ విషయం చర్చిస్తుంది. ఈలోగా ఇదంతా చదివి తెనాలి వాళ్ళను చూసి నవ్వుకున్నవారికి సమితి తరఫున ఒక చిన్న ప్రశ్న. నిజం చెప్పండి, పాప ముక్కు అసలు ఎవరిదై ఉంటుందని మీరూ ఒకసారి అనుకోలేదూ?