నేను కల్పించిన ఓడ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే సంగతి కాదిది. నేనొక అబద్ధం ఆడాను. అది అబద్ధమంటే మా ఇంట్లో ఒక్కరూ నమ్మడం లేదు.

మా మనవరాలు మల్లీశ్వరి ఎమ్మే చరిత్ర చదువుతోంది. కిందటి నెల మా భవానీపురం వంటింట్లోకి ఫోను పట్టుకుని వచ్చి, "నానమ్మా, ముత్తాతగారు ఓడెక్కి రంగూన్ వెళ్లారు కదా, ఆ ప్రయాణం ఎలా సాగిందో చెప్పు. కాలేజీలో రాసివ్వాలి" అంది.

ముత్తాతంటే మా మామగారు రామలింగంగారు. పెడనలో మగ్గం నేసేవారు. కాకినాడలో ఓడెక్కారు, ఆరేళ్లకు తిరిగొచ్చారు. ఆ ఊసెత్తితే నోరు విప్పేవారు కాదు. నాకు తెలిసిందీ అంతే. కానీ మా వీధిలో నలభై ఏళ్లనాటి పెళ్లిలో ఏం కూర వండారో కూడా నన్నే వచ్చి అడుగుతారు. ఆ పేరు పోగొట్టుకుంటానా?

"రాసుకోవే" అన్నాను.

ఎదురుగా పసుపు డబ్బా కనబడింది. మామగారి సంచిలో పసుపు చీర పెట్టాను. పక్కన కారం డబ్బా. చీరకు ఎర్రంచు వేశాను. గోడమీది క్యాలెండర్లో చిలకలుంటే అంచు నిండా చిలకలు నేయించాను. ఒక్క చిలక మాత్రం వెనక్కి తిరిగి ఉందన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. మూడో రోజు ఓడలో ఒకావిడ ఆడపిల్లను కన్నదనీ, మామగారు ఆ చీరను రెండుగా చింపి సగం పిల్లకు చుట్టారనీ, పిల్లకు గంగాదేవి అని పేరు పెట్టారనీ చెప్పుకుపోయాను.

మా ఆయన పేపరు చాటునుంచి, "మా నాన్న నాకు చెప్పనివి నీకెప్పుడు చెప్పాడే?" అన్నారు.

"మీరెప్పుడైనా అడిగారా?"

"నువ్వడిగావా?"

"నన్ను చూస్తే అడక్కుండానే చెప్పాలనిపించేది."

పేపరు మళ్లీ పైకి లేచింది.

పది రోజులకు పిల్ల ఎగిరి గంతేస్తూ వచ్చింది. మేడమ్ మెచ్చుకున్నారట, క్లాసులో అందరికీ చదివి వినిపించాలట. "ఒక్క మాట కల్పితమని తేలినా ప్రాజెక్టు కొట్టేస్తారు నానమ్మా. నీ మాట కాబట్టి నాకు బెంగ లేదు."

ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

"నిజం చెప్పేయరాదూ?" అన్నారు మా ఆయన.

"ఏ నిజం?"

"అదే, అబద్ధమని!"

మర్నాడు మధ్యాహ్నం చెప్పేద్దామని పిలిచేలోపే అదే పరుగెత్తుకొచ్చింది. రంగూన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాల గ్రూపులో నా కథ పెట్టిందట. విశాఖపట్నం నుంచి నాగలక్ష్మి అనే ఆవిడ ఫోటో పంపింది. వాళ్లమ్మ పుట్టినప్పుడు చుట్టిన గుడ్డట.

పసుపు చీర, సగమే. ఎర్రంచు. చిలకలు. ఒకటి వెనక్కి తిరిగి ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

అంతలో వీడియో కాల్. తెరమీద ఎనభై దాటిన పెద్దావిడ. "నేనేనమ్మా గంగాదేవిని" అంది.

"క్షమించండి అక్కయ్యగారూ, అదంతా నేను కల్పించాను."

ఆవిడ నవ్వి, "మీ నానమ్మకి ఎంత వినయమే!" అంది మల్లితో.

"వినయం కాదండీ, అబద్ధం! కావాలంటే కారం డబ్బా చూపిస్తానుండండి!"

చూపించాను. ఎవరూ నమ్మలేదు. పైగా కారం ఎక్కడ ఆడించారని అడిగారు.

ఇలా లాభం లేదని, ఏ ఓడలోనూ ఉండనిది ఒకటి వెతికి అన్నాను. "ఆ ఓడలో తెల్ల మేక కూడా ఉందండీ. దానికి ఒకటే చెవి! ఇప్పుడైనా తెలిసిందా నా సంగతి?"

అవతల నవ్వు ఆగిపోయింది. ఆవిడ రెప్ప వేయకుండా నన్నే చూసింది.

"మా అమ్మకు పాలు పడలేదు" అంది మెల్లగా. "ఆ మేక పాలే నాకు పట్టారు. ఈ సంగతి నా కూతురికి కూడా ఎప్పుడూ చెప్పలేదు."

మా ఆయన చేతిలో పేపరు జారిపోయింది. "నీకు దణ్ణం పెడతాను, ఇంకేమీ కల్పించకే" అన్నారు. యాభై ఏళ్ల కాపురంలో ఆయన నాకు దణ్ణం పెట్టడం అదే మొదలు.

మల్లికి క్లాసులో చప్పట్లే చప్పట్లు. నాకేమో, అన్నదల్లా నిజమైపోతుందేమోనని, పాలవాడితో పాలు పలచగా ఉన్నాయనాలన్నా భయం. ఆ మేక చెవి ఎవరు కోశారో, ఎందుకు కోశారో కూడా ఇప్పుడు నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు. నేను కల్పించనూ లేదు.

అది మాత్రం అడక్కండి. మిగతాదంతా గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. ఆ ముసలమ్మ పసుపు డబ్బా చూసి అబద్ధమాడిందని చెప్పండి. ఒక్కరైనా నమ్మితే, పుణ్యముంటుంది, వాళ్లను మా ఇంటికి పంపండి.