నాలుగో నంబరు సీసా

ఆ సోమవారం ఉదయం సున్నం సారు పెట్టుకున్న పని ఒక్కటే. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి తొమ్మిదింటికల్లా నీటి పరీక్షల ల్యాబులో ఇచ్చి రావాలి. ఇంత చిన్న పనిలో తప్పు జరగడానికి చోటెక్కడుందని మీరు అడగవచ్చు. ఆయనా అదే అనుకున్నాడు.

ఆయన మురుగునీటి శుద్ధి కేంద్రంలో సూపర్‌వైజరు. ఊరి మురుగంతా అక్కడికి చేరాక, శుద్ధి చేసిన నీరు ఒక దారిన పోగా అడుగున నల్లటి మడ్డి మిగులుతుంది. ఒకప్పుడు దాన్ని పచ్చిగానే లారీల్లో తీసుకెళ్లి కాలువగట్టున గుమ్మరించేవారు. వానలు పడితే చాలు, దిగువనున్న పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఈయన వచ్చాకే మడ్డిని మడుల్లో ఆరబెట్టి, సున్నం కలిపి, నెలల తరబడి మాగనిచ్చి, ఆ తర్వాతే రైతులకు ఎరువుగా ఇవ్వడం మొదలైంది. దేనికైనా సున్నమే మందు అనే మనిషి కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. రెండు వానాకాలాలుగా కాలువ దిగువ నుంచి ఒక్క బిడ్డ కూడా ఆసుపత్రికి పోలేదు. ఇప్పుడు మడుల పక్కన తవ్విన బావిలో నీళ్లు శుభ్రంగా ఉన్నాయని తేలితే ఈ పద్ధతి శాశ్వతమవుతుంది. లేదంటే మడులు మూసేసి, లారీలను మళ్లీ కాలువగట్టుకే పంపుతామని పెద్ద ఇంజనీరు ముందే చెప్పేశాడు.

ఆ బావి నీళ్లే సీసాలో ఉన్నాయి. ఆదివారం సాయంత్రం పట్టిన నీళ్లను పొద్దున దాకా చల్లగా ఉంచాలి. ఆఫీసు ఐసుపెట్టె మూత విరిగి మూడు నెలలైంది, కొత్తది మంజూరయ్యే దారిలోనే ఉంది. అందుకని సీసా ఇంటి ఫ్రిజ్‌లో, తాగే నీళ్ల సీసాల సరసన నిలబడింది. దాని మీద "నం. 4" అని చీటీ అంటించాడు. అంతకు మించిన హెచ్చరిక అక్కర్లేదని ఆయన నమ్మకం.

బుధవారం రిపోర్టు వచ్చింది. మలంలో ఉండే సూక్ష్మజీవులు ఆ నీళ్లలో లెక్కకు మించి ఉన్నాయట.

సున్నం సారు మంచివాడే కానీ కంగారు పడితే చేతులు ఊరుకోవు. మడులన్నిటి మీదా మరో విడత సున్నం చల్లించాడు. అది గాలికి లేచి రోడ్డంతా తెల్లబడేసరికి, ఏదో పెద్ద రోగమే దిగిందని చుట్టుపక్కల గుప్పుమంది. అంతకుముందు ఇచ్చిన బస్తాలు విప్పవద్దని, కొత్తవి ఇప్పట్లో రావని రైతులకు కబురంపాడు. తమ ఎరువు ఇంకెవరికో పోతోందని వాళ్లకు అర్థమైంది. ట్రాక్టర్లు వేసుకొచ్చి గేటు ముందు బైఠాయించారు. పనివాళ్లను ముందుజాగ్రత్తకని డాక్టరు దగ్గరికి పంపితే, వాళ్లకేదో అంటుకుందని టీకొట్టతను గ్లాసులు దాచేశాడు. సాయంత్రానికి పెద్ద ఇంజనీరు ఫోన్ చేసి, మర్నాటి నుంచి మడులు మూత అన్నాడు. ఇంకోసారి పరీక్ష చేయిద్దామని బతిమాలితే, ఒక్క సీసాకే ఊరు ఇలా ఉంటే రెండోది తట్టుకోలేనని పెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కడుపు పట్టుకుని మంచం మీద ఉంది. ఐదారు రోజులుగా మొగుడూ పెళ్లాలిద్దరి పరిస్థితీ అదే. ఆయన తెచ్చే క్యాంటీను తిండి వల్లేనని ఆవిడ, ఆవిడ దాచి వేడిచేసే కూరల వల్లేనని ఆయన వాదించుకుంటున్నారు. ఆదివారం దిగిన అత్తగారు మాత్రం గుండ్రాయిలా ఉన్నారు. ఆవిడ ఏ కాలంలోనైనా కాచిన నీళ్లే తాగుతారు.

అల్లుడు కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పుకున్నాడు. రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని, రేపు లారీలు కాలువగట్టుకు వెళ్తాయని వాపోయాడు. అంతా విని అత్తగారు నెమ్మదిగా అడిగారు.

"నాలుగని చీటీ ఉన్న సీసానా, బాబూ?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

"ఆదివారం బస్సు దిగొచ్చి, నీళ్లు కాచుకునే ఓపిక లేక అదే తాగేశాను. నీళ్లు బాగానే ఉన్నాయి."

"మర్నాడు నేను తీసుకెళ్లేటప్పుడు నిండుగానే ఉంది కదా అత్తయ్యగారూ."

"సీసా ఖాళీ చేసినవాళ్లే నింపాలని మీ ఆవిడ రూలు పెట్టిందిగా. కుళాయి తిప్పి నింపి పెట్టాను. కూతురింట్లో మాట పడటం నాకిష్టం ఉండదు."

మడ్డి మడుల పక్క బావి నీళ్లు అత్తగారి కడుపులో ఉన్నాయి. మా అమ్మ చేత మురుగు తాగించారా అంటూ భార్య లేచి కూర్చుంది. ముగ్గురూ ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తారు. దారి పొడవునా అత్తగారు తనకేమీ లేదని చెబుతూనే ఉన్నారు, ఎవరూ వినిపించుకోలేదు.

డాక్టరమ్మ పెద్దావిడ పొట్ట నొక్కి, నాడి చూసి, లక్షణంగా ఉన్నారంది. తర్వాత మిగతా ఇద్దరి మొహాలూ చూసింది.

"జబ్బు మీ ఇద్దరికీ. ఏ వీధి మీది?"

చెప్పారు.

"ఈ వారం ఆ వీధి నుంచి మీతో కలిపి పదమూడు మంది. తాగే నీళ్లెక్కడివి?"

"కుళాయివే" అనబోయి సున్నం సారు ఆగిపోయాడు. పరీక్షలో తప్పింది బావి నీళ్లు కాదు, ఇంట్లో కుళాయి నీళ్లు. ఆ మాట పెద్ద ఇంజనీరుకు ఫోన్‌లో మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.

మర్నాడు వీధి చివర తవ్వించారు. జనం చెత్త సంచులన్నీ తెచ్చి పడేయడంతో అక్కడ మురుగుకాలువ పూడి, నీళ్లు నిలిచిపోయి ఉన్నాయి. దాని కిందుగా పోయే తాగునీటి పైపుకు అరచేయి పొడవున పగులు ఉంది. కుళాయిలు ఆపి ట్యాంకర్లు పంపారు. నీళ్లు కాచి తాగమని ఇంటింటికీ చెప్పి, చెత్త ఎత్తి, పైపు మార్చారు. పద్నాలుగో మనిషి ఆసుపత్రికి రాలేదు. బావి నీళ్లను ఈసారి పెద్ద ఇంజనీరే స్వయంగా పట్టి ల్యాబుకు మోసుకెళ్లాడు. అవి శుభ్రంగా ఉన్నాయని తేలింది. మడులు మూయలేదు. రైతులు బస్తాలు వేసుకుని ఇళ్లకు పోయారు. సున్నం సారు ఆ రిపోర్టును మడుల దగ్గరే నిలబడి రెండుసార్లు చదువుకుని, కళ్లు తుడుచుకుని, సున్నం కంట్లో పడిందన్నాడు.

పైపు పగులు గురించి పై ఆఫీసుకు ఒక ఫారం నింపి పంపాలి. లోపం ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్న గడులన్నీ చకచకా నింపేశాడు. ‘ఏ పరికరంతో కనిపెట్టారు?’ అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించి, ‘అత్తగారు’ అని రాసి సంతకం పెట్టాడు.