ఉత్తుత్తి బాధితుడు

ఆ శనివారం సహస్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. మునిర్కాలోని అద్దె గదిలో టిఫిన్ కానిచ్చి, కటవారియా సరాయ్‌లో తమ కాలేజీ నడిపే సలహా కేంద్రానికి వెళ్ళి, అక్కడ ఒక ఉత్తుత్తి బాధితుడితో కాసేపు మాట్లాడి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి బట్టలు ఉతుక్కోవడం.

ఆమె సోషల్ వర్క్ ఎం.ఏ. మొదటి ఏడాది చదువుతోంది. కష్టంలో ఉన్న మనిషితో మాట్లాడడం కూడా నేర్చుకోవలసిన విద్యే కాబట్టి, నిజమైన బాధితుల ముందు కూర్చోబెట్టే ముందు నటులతో సాధన చేయిస్తారు. సహస్రది జగిత్యాల. హిందీ ఇంకా తడబడుతోంది. అందుకని ఆమె టీచరు సునంద మేడం, ఢిల్లీలో తెలుగు నాటకాలు వేసే త్యాగరాజు అనే ఆయన్ను మాట్లాడి పెట్టారు. ఆయన వచ్చింది మొదలు పాత్రలోనే ఉంటారని, అయ్యాక నటనలో లోపాలు చెప్తే సంతోషిస్తారని చెప్పి, తనకు మీటింగ్ ఉందని, అది ముగిశాక వస్తానని పొద్దున్నే ఫోన్లో అన్నారు మేడం.

సహస్ర వెళ్ళేసరికి గుమ్మం దగ్గర బెంచీ మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. ఖరీదైన చొక్కా, మాసిన గడ్డం, ఒక కాలికి నల్ల సాక్సు, రెండో కాలికి నీలం సాక్సు. వేషం మీద ఆయన పెట్టిన శ్రద్ధకు ఆమె మనసులోనే దణ్ణం పెట్టింది.

ఆయన తన పేరు సదాశివరావు అన్నారు. పాత్ర పేరు కాబోలు అనుకుంది. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగమట. భార్య అన్నపూర్ణేశ్వరి అలిగి నోయిడాలో చెల్లెలింటికి వెళ్ళిపోయిందట, ఫోనెత్తడం లేదట. "నేనేమీ అనలేదమ్మా. ఉత్తి పుణ్యానికి వెళ్ళిపోయింది," అని కళ్ళు తుడుచుకున్నారు.

సహస్ర ఓపిగ్గా విని, తల ఊపి, నీళ్ళ గ్లాసు అందించింది. ఆ తర్వాత, మేడం చెప్పిన మాట గుర్తొచ్చి, నటన సంగతికి వచ్చింది.

"సార్, ఏడ్చుడు మంచిగుంది. కానీ ఈ ముచ్చట నమ్మేటట్టు లేదు. ఏమనకుంటనే ఆంటీ ఎందుకు పోతది? ఇంకోసారి మొదటిసంది చెయ్యుండ్రి. ఈసారి ఆంటీ లెక్క మాట్లాడుండ్రి."

సదాశివరావు గారు నిర్ఘాంతపోయారు. ఆయన సర్వీసులో ఇంతవరకు ఎవరూ ఆయన చెప్పింది నమ్మేటట్టు లేదనలేదు. ఇది కొత్తరకం వైద్యం కాబోలనుకుని, లేచి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. గొంతు సవరించుకుని, భార్య మాటలు తన నోట పలకడం మొదలుపెట్టారు.

"ఈ వయసులో కారు నేర్చుకుందామనుకున్నాను. అశోకా రోడ్డులో భోజనానికెళ్ళినప్పుడు, మీ స్నేహితులందరి ముందూ మీరు, 'ఈవిడ కారెక్కితే ఢిల్లీ జనాన్ని ముందే హెచ్చరించాలి' అన్నారు. అందరూ నవ్వారు. నేను అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మెట్రో ఎక్కాను."

అక్కడ ఆగిపోయారు. లేచి, చెప్పకుండా, తలుపైనా వేయకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ముగింపు అద్భుతంగా కుదిరిందని సహస్ర అనుకుంది.

సహస్ర బ్యాగు సర్దుకుంటూ ఉండగా రెండో మనిషి వచ్చాడు. జుట్టు రేగిపోయి ఉంది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా. పేరు ధర్మయ్యట, ఆఫీసులో ప్యూనట. తల్లి జబ్బుతో ఉంటే కూడా ఆఫీసరు సెలవివ్వలేదట. "ఇవాళ వాడి కారు తగలబెట్టేస్తానమ్మా. ఇదిగో, పెట్రోలు," అన్నాడు నింపాదిగా. డబ్బా నుంచి వాసన గుప్పుమంది.

నటుడు వచ్చి వెళ్ళాడు కాబట్టి ఇతను నిజం మనిషే అనుకుంది సహస్ర. నిజం బాధితుడు ఇంత తొందరగా తగులుతాడని ఆమె అనుకోలేదు. బాధితుడు ఎవరికైనా హాని చేస్తానని చెప్తే దాచకూడదని, వెంటనే పోలీసులకు చెప్పాలని క్లాసులో చెప్పారు. టీ తెస్తానని బయటికొచ్చి, పోలీసులకు ఫోన్ చేసింది.

ఇద్దరు పోలీసులు వచ్చారు. వాళ్ళను చూసి ఆ మనిషి భయపడలేదు సరికదా, ఉత్సాహం తెచ్చుకున్నాడు. కాలేజీవాళ్ళు పోలీసు వేషాలు కూడా ఏర్పాటు చేశారనుకున్నాడు. కారు తగలబెడతానన్నది నిజమేనా అని వాళ్ళు అడిగితే, ఒక్క కారేమిటి, ఆఫీసు పార్కింగంతా తగలబెడతానని హిందీలో చెప్పాడు. "చలో భయ్యా," అని పోలీసాయన భుజం పట్టుకుంటే, వెళ్తూ వెళ్తూ సహస్ర వైపు తిరిగి మెచ్చుకోలుగా కన్ను గీటాడు. ఆ కన్ను గీటడంతో ఆమెకు చెప్పలేని భయం పట్టుకుంది.

సునంద మేడం వచ్చి, త్యాగరాజు గారు ఎలా చేశారని అడిగారు.

"మస్తు చేసిండు మేడం. సాక్సులు గూడ వేర్వేరు ఏసుకొచ్చిండు. ఆయన పోయినంక పెట్రోల్ డబ్బాతోటి ఒక నిజం మనిషొచ్చిండు. పోలీసులకు పట్టిచ్చిన."

మేడం కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "డబ్బాలో నీళ్ళు పోసుకొస్తానని, మూతకి కాస్త పెట్రోలు రాస్తానని త్యాగరాజు గారు నిన్న నాకు చెప్పారు," అన్నారు నెమ్మదిగా.

అయితే మొదటి ఆయన ఎవరు? సహస్ర ఆ ప్రశ్న అడగలేదు. సమాధానం అప్పటికే తెలిసిపోయింది. భార్య వెళ్ళిపోయి నిజంగా ఏడుస్తున్న మనిషిని, ఇంకోసారి మొదటినుంచి ఏడవమంది తను.

పోలీస్ స్టేషన్లో త్యాగరాజు గారు బల్ల మీద ముడుచుకుని ఉన్నారు. జీపు నిజం జీపని తెలిసిన దగ్గర్నుంచీ తాను నటుణ్ణని మొత్తుకుంటున్నారు. అయితే నటించి చూపించమన్నాడు ఎస్సై. భయంతో ఒక్క డైలాగూ రాలేదు. దాంతో ఎస్సై అనుమానం మరీ బలపడింది. మేడం కాలేజీకి ఫోన్ చేయించి, డబ్బాలో ఉన్నవి నీళ్ళేనని చూపించి ఆయన్ను బయటికి తెచ్చేసరికి పొద్దు వాలింది.

ఈ చదువు మానేస్తానని సహస్ర దారిలోనే చెప్పేసింది. సలహా కేంద్రానికి తాళం వేయడానికి వెళ్తే, బెంచీ మీద సదాశివరావు గారు, పక్కన ఒకావిడ కూర్చుని ఉన్నారు. సహస్ర నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది. క్షమించమంటూ మొత్తం చెప్పేసింది, నటుడనుకున్నానని కూడా.

సదాశివరావు గారు మళ్ళీ నిర్ఘాంతపోయారు. అన్నపూర్ణేశ్వరి గారు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

"ఈయన మా చెల్లెలి గుమ్మంలో నిలబడి, తప్పు నాదే అన్నారమ్మా. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. నువ్వు నమ్మి ఉంటే అనేవారు కాదు," అని, వచ్చే శనివారం మళ్ళీ ఆ పిల్ల దగ్గరే కూర్చుంటామని మేడంతో చెప్పారు.

సహస్ర చదువు మానలేదు. త్యాగరాజు గారు మాత్రం ఇప్పుడు పౌరాణికాలు తప్ప ఒప్పుకోవడం లేదు.